నాలుగు రోజుల ఏడాది

షుగర్‌తో రెండు కళ్లూ పోయాక సీతారామయ్యకు పేపరు చదివి పెట్టేది భార్య తారామణే. నాచారంలో వాళ్లిద్దరే ఉంటారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన వేధశాలలో నక్షత్రాల వెలుగును కొలిచాడు. ఒక నక్షత్రం కాంతి నాలుగు రోజులకోసారి రవ్వంత తగ్గుతోందని వయసులో ఉన్నప్పుడే గమనించాడు. గురుగ్రహమంత గ్రహమేదో దాన్ని ఒరుసుకుంటూ తిరుగుతూ వెలుగుకు అడ్డొస్తోందని, దానికి నాలుగు రోజులే ఏడాదని వాదించాడు. అంత పెద్ద గ్రహం అంత దగ్గరగా ఉండదు, నీ పరికరంలోనే లోపముందని పైవాళ్లు నవ్వారు. ఆ కథ తారామణి లెక్కలేనన్నిసార్లు విన్నది.

2009 వేసవిలో ఒక పొద్దున ఆమె పేపరు తిప్పుతూ ఆగింది.

"ఇగో, మీ చుక్క గురించి వేసిన్రు. దాని పక్కన పెద్ద గ్రహం దొరికిందట. నాలుగు రోజులకో చుట్టట."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "నా పేరు రాసిన్రా?"

"రాసిన్రు. మొదలు జూసింది హైదరాబాద్ ఆయననే అని."

ఆయన మళ్లీ చదివించుకున్నాడు. ఆమె ఒక్క మాటా తడబడకుండా మళ్లీ చదివింది. ఆ పేజీలో ఉన్నది పీర్జాదిగూడ ఫ్లాట్ల ప్రకటన.

ఆ వారమే ఉప్పల్‌లో వేధశాల పాత ఉద్యోగుల సమావేశం జరిగింది. సీతారామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తారామణి చేయి పట్టుకుని వెళ్లి, ఎవరూ పిలవకుండానే మైకు అడిగాడు. తన గ్రహం దొరికిందని చెప్పాడు. దాని ఒక ముఖం ఎప్పుడూ నక్షత్రం వైపే ఉండి కాలిపోతూ ఉంటుందని కూడా వివరించాడు.

ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న శశిధర్ లేచి మెల్లగా అన్నాడు.

"సార్, గసొంటి వార్త ఏడ రాలే. వస్తే మాకు తెల్వదా?"

"మా ఇంటామె సదివింది. తారా, జెప్పు."

అందరూ ముందు వరుస వైపు తిరిగారు. తారామణి కొంగు సర్దుకుంది.

"నేనేం సదవలే. ఈ నడుమ ఆయనకు మతి నిలుస్తలేదు. ఏమనుకోకున్రి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. శశిధర్ ఆయన భుజం పట్టుకుని, పసిపిల్లాణ్ణి నడిపించినట్టు వేదిక మీంచి కిందికి దించాడు.

తిరిగి వస్తూ ఆటోలో ఆయన అడిగాడు.

"ఎందుకు జేసినవ్?"

"పెండ్లయిన కొత్తల నా బిడ్డ దవాఖానల సచ్చిపోతుంటే మీరు టెలిస్కోపు కాడ గూసున్నరు. మబ్బు వట్టినంక వచ్చిన్రు. అప్పటికే పిల్లను మట్టిల బొందవెట్టిన్రు. కబురు జల్ది అందలేదేమో అని ఇన్నేండ్లు నాకు నేనే జెప్పుకున్న. అయినా ఆ చుక్క మాటెత్తితే కడుపుల మంట లేస్తది."

సీతారామయ్య ఆమె గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు. ఆమె మనసుకు తగలాలనే చెప్పాడు.

"కబురు జల్దినే అందింది. పిల్ల పోయిందని గూడ అందింది. గా రాత్రే చుక్క వెలుగు తగ్గాలె. అందుకే లేవలే."

ఆటో ఇంటి ముందు ఆగింది. తారామణి దిగింది. ఎప్పుడూ పట్టుకుని దించే చేయి కోసం ఆయన బయటికి చేయి చాచాడు. ఇంటి తలుపుకు లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

"పెద్దాయనా, అమ్మ ఇంట్లకు వోయింది. నాకు వేరే గిరాకుంది, జర దిగుతవా?" అన్నాడు ఆటోవాడు.