పెగ్గీ కోసం వెయ్యని ఈల

పెర్సీ డూలన్ ఆకాశంలో ఉన్నా గుర్రం మీద ఉన్నట్టే ఉండేవాడు. విమానం కుదిపిందంటే మోకాళ్ళు బిగించి దాన్ని బుజ్జగించేవాడు. వెనక సీట్లో మెషిన్‌గన్ పట్టుకుని కూర్చున్న నాకు ఆ మోతలో మాటలు వినపడేవి కావు గానీ, తల వంచిన తీరు చూస్తే తెలిసిపోయేది. నేల మీదికి దిగాక ముందు ఇంజనుకి నీళ్ళు పోయించి, ఆ తర్వాతే తను టీ ముట్టుకునేవాడు. గుర్రం తాగాక మనిషి తాగాలన్నది అంతకుముందు మేమున్న గుర్రపు దళంలో అందరికీ ఒంటబట్టిన అలవాటు. ఇంజనుకి ఆ మర్యాదలేమిటని మెకానిక్కులు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, నా టీ చల్లారిపోయిన రోజున మాత్రం తిట్టేవాణ్ణి.

మా ఇద్దరిదీ క్వీన్స్‌లాండ్‌లో వారెగో నది ఒడ్డు. అతను పొగరుబోతు గుర్రాల్ని మచ్చిక చేసేవాడు, నేను గొర్రెల బొచ్చు కత్తిరించేవాణ్ణి. మమ్మల్నెవరూ బలవంతాన పట్టుకురాలేదు. కుర్రాళ్ళని నిర్బంధంగా సైన్యంలో చేర్చుకుందామా అని మా దేశంలో ఓటు పెడితే జనం కుదరదు పొమ్మన్నారు. కాబట్టి పాలస్తీనాలో ఉన్న మావాళ్ళలో ప్రతివాడూ తన కాళ్ళతో తను నడిచొచ్చి పేరిచ్చినవాడే. ఇంగ్లీషు దొరలకి మేం సరిగా సెల్యూట్ కొట్టట్లేదని ఒకటే ఏడుపు. చచ్చేది మేమే కదా, చెయ్యెత్తితే ఎంత, ఎత్తకపోతే ఎంత అని మా ధీమా.

పెర్సీ తన సొంత గుర్రాన్ని వెంట తెచ్చుకున్నాడు. పేరు పెగ్గీ. ఎర్రటి ఆడగుర్రం, ఎడమ చెవి కొన చీలి ఉండేది. రెండు పొట్టి ఈలలు, ఒక పొడుగు ఈల వేశాడంటే వందల గుర్రాల్లోంచి తోసుకుని వచ్చేసేది. వాళ్ళమ్మ పంపే ఎండు ఆపిల్ ముక్కలు మాకు పెట్టకుండా దానికి పెట్టేవాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

గాజా దగ్గర యుద్ధం సాగుతుండగా విమానదళానికి మనుషులు కావాలని కబురొచ్చింది. అప్పటికి పెగ్గీ బాగా నలిగిపోయింది. పెర్సీ పొడగరి, బరువైన మనిషి. పైగా తుపాకీ, తూటాలు, మేత మూట, అన్నీ దాని వీపు మీదే. తను దిగిపోతే దాన్ని మా దళంలోనే ఉన్న వెర్న్ హాకెట్‌కి ఇస్తారని పెర్సీ ఆశ. వెర్న్ ఊళ్ళో పందేల్లో గుర్రం తోలినవాడు, వట్టి పుల్లలాంటి మనిషి. యుద్ధం అయ్యాక దాన్ని వారెగో ఒడ్డుకి తీసుకెళ్ళి, ఇంక ఎవరూ ఎక్కకుండా పచ్చికలో వదిలేస్తానని పెర్సీ నాతో అన్నాడు. ఆకాశం మీద మోజు లేదని కాదు. కానీ విమానదళానికి ముందు పేరిచ్చింది పెగ్గీ కోసమే. అతని వెనకే నేనూ ఇచ్చాను.

అక్కడి అధికారి మమ్మల్ని అడిగిందల్లా మొండి గుర్రాన్ని ఎలా ఆపుతారని. పగ్గం లాగను, వదులుతానని పెర్సీ చెప్పాడు. అలా చెప్పినవాడే మొదటిసారి విమానం దించుతూ, అది ఆగట్లేదని కంగారుపడి రెండు చేతులతో పగ్గం లాగినట్టు విమానం తిప్పే కడ్డీని వెనక్కి గుంజాడు. ముక్కు పైకి లేచి, ధనేల్మని పడి చక్రం విరిగింది. నెల తిరిగేసరికి మాత్రం అతను నడుపుతుంటే వెనక్కి తిరిగి కూర్చుని శత్రువు మీద గురిపెట్టడం నాకు హాయిగా ఉండేది.

ఆ వేసవిలో మా పాత దళం జోర్డాన్ లోయలో ఉడికిపోతోంది. మేం పహరా ముగించుకుని వస్తూ ఆ దారి పట్టేవాళ్ళం. పెర్సీ విమానాన్ని బాగా కిందికి దించి గుర్రాల వరసల మీదుగా పోనిచ్చేవాడు. పైనుంచి అన్నీ ఒకేలా ఉండేవి నా కంటికి. అతను మాత్రం పెగ్గీని వేలెత్తి చూపించేవాడు. అమ్మాన్ మీద రెండు జర్మన్ విమానాల్ని తరిమికొట్టిన రోజున ఆనందం పట్టలేక అదే వరస మీద రెండుసార్లు తిరిగాడు.

మర్నాడు సరుకుల లారీలో వెర్న్ మా శిబిరానికి వచ్చాడు. దిగుతూనే పెర్సీ చొక్కా పట్టుకున్నాడు.

"ఏరా, నీకు బుద్ధుందా? జర్మన్లు మా గుర్రాల మీద బాంబులేసి వారం కాలేదు. ఇంజను మోత వినపడితే చాలు, తాళ్ళు తెంపుకుంటున్నాయి. నీ పెగ్గీ నిన్న సాయంత్రం దాకా వణుకుతూనే ఉంది. నీ ప్రేమేదో ఆ మబ్బుల్లోనే ఉంచుకో."

పెర్సీ చొక్కా విడిపించుకోలేదు. తను చూస్తున్నాడు కాబట్టి అదీ తనని చూస్తోందనే అనుకున్నాడు పిచ్చివాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ లోయ మీదుగా రాలేదు. పెట్రోలు తక్కువున్న రోజున కూడా కొండ అవతల్నుంచి చుట్టూ తిప్పి తెచ్చేవాడు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నేను వెనక కూర్చునేవాణ్ణి.

యుద్ధం ఆగింది. మేం ఇంటికెళ్ళే ఓడల గురించి మాట్లాడుకుంటుంటే గుర్రాలకి ఓడలు లేవని ఉత్తర్వు వచ్చింది. రోగాలు తెస్తాయట. వయసులో ఉన్నవాటిని వేరే సైన్యాలకి ఇచ్చేస్తారు, ముసలివాటిని కాల్చేస్తారు. గుర్రాల డాక్టరు పెగ్గీ పళ్ళు చూసి ముసలిదన్నాడని వెర్న్ ఒక లారీ డ్రైవరుతో చెప్పి పంపాడు. విమానం తీసుకెళ్ళమని మా కమాండరు తనంతట తనే అన్నాడు. పెర్సీ వద్దన్నాడు. ఆ మోత దాని చెవిన ఇంకోసారి పడకూడదని లారీలోనే బయల్దేరాడు. నేనూ ఎక్కాను. దారంతా ఎండు ఆపిల్ పొట్లం జేబులో ఉందో లేదో తడిమి చూసుకుంటూనే ఉన్నాడు.

సముద్రం దగ్గర ఆలివ్ తోటలో కట్టేసి ఉన్నాయి గుర్రాలు. అమ్ముకోడానికి నాడాలు ఊడదీశారు, జూలు కత్తిరించేశారు. చీలిన చెవి చూసి నేను కూడా పెగ్గీని గుర్తుపట్టాను. పెర్సీ తోలుకోటు లారీలోనే వదిలేసి, చెయ్యి చాపి నడిచాడు. గాలి మా వెనకనుంచి వీస్తోంది. సగం దూరం వెళ్ళేసరికి పెగ్గీ చెవులు వెనక్కి పడ్డాయి. తాడు బిగిసేదాకా వెనక్కి జరిగి, ఒళ్ళంతా వణకడం మొదలుపెట్టింది.

పెర్సీ ఆగిపోయాడు. వెర్న్ మెల్లగా వచ్చి అతన్ని పక్కకి తీసుకెళ్ళాడు.

"నీ ఒంటినిండా ఇంజను వాసనేరా. ఏడాదిగా అందులోనే నానావు."

"స్నానం చేసొస్తా. నీ చొక్కా ఇయ్యి."

"తోలుకి పట్టింది స్నానంతో పోతుందా? ఈల వెయ్యి, తాడు తెంపుకునైనా వస్తుంది. దగ్గరికొచ్చాక మళ్ళీ బెదురుతుంది. ఇంకాసేపట్లో దీని వంతు. బెదురుతూ వెళ్ళాలా, నెమ్మదిగా వెళ్ళాలా? నీ గుర్రం, నువ్వే చెప్పు."

పెర్సీ నావైపు తిరిగాడు. 

"నేను పేరిచ్చాను నెడ్. నువ్విచ్చావు. వీడిచ్చాడు. దాన్నెవరడిగారు?"

 

ఆపిల్ పొట్లం వెర్న్ చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి, తన వాసన దాని దాకా పోకుండా గాలి ఎదురొచ్చే వైపున ఒక మొండిగోడ చాటుకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. వెర్న్ ఒక ముక్క తీసి పెగ్గీ నోటికి అందించాడు. అది అందుకుంది, నమిలింది, ఉన్నట్టుండి నమలడం ఆపేసింది. తలెత్తింది. చెవులు ముందుకొచ్చాయి. ఇటు చూసింది, అటు చూసింది, వెర్న్‌ని దాటి దూరంగా చూసింది. ఎండు ఆపిల్ దానికి పెర్సీ తప్ప ఎవరూ పెట్టలేదు.

పెర్సీ పెదవులు ఈలకి ముడుచుకోవడం నేను చూశాను. తన చేత్తో తనే నోరు మూసుకున్నాడు. వెర్న్ వీలైనంతసేపు ఆగి, దాని మెడ నిమిరి, తోట చివరికి నడిపించుకుపోయాడు. అది వెళుతూ కూడా రెండుసార్లు ఆగి వెనక్కి చూసింది, బెదురు మాత్రం లేదు. తుపాకీ ఒక్కసారే మోగింది.

ఇంటికొచ్చాక టపా విమానాలు నడపమని పెర్సీకి మంచి ఉద్యోగమే వచ్చింది. పోలేదు. వారెగో ఒడ్డున మళ్ళీ గుర్రాలు పెట్టాడు. అతను ఈల వెయ్యగా నేను మళ్ళీ వినలేదు. మేతవేళకి రేకు డబ్బా మీద కర్రతో కొట్టి పిలుస్తాడు. గుర్రాలన్నీ లోపలికి వచ్చేస్తాయి. అన్నీ వచ్చాక కూడా గేటు వెయ్యకుండా, కాసేపు అటే చూస్తూ నిలబడతాడు.