ఒకే పేరు మీద నాలుగు చేతులు

హలీమా తన కూతురి వయసు దాచి, పాపం చలపతిరావు గారిని నిలువునా ముంచేసిందని భట్టిప్రోలు బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నానని పక్కింటి సుబ్బాయమ్మ చెప్పింది. కుళాయి దగ్గర, హలీమా బిందె నిండేదాకా ఆగి మరీ చెప్పింది.

హలీమా బిందె చంకనెత్తుకుంది. పదమూడేళ్ళ ఆఫ్రీన్ తెనాలి ఆసుపత్రిలో ఉంది. రేపల్లె దగ్గర చలపతిరావు రొయ్యల షెడ్డులో ఐసు నలిపే మిషను ఆ పిల్ల రెండు వేళ్ళు తినేసింది.

ఆ షెడ్డులో రొయ్య తలలు తీసేవాళ్ళకు కిలోల లెక్కన కూలి. తల్లి టబ్బు దగ్గరే కూతురూ కూర్చుంటుంది. ఇద్దరూ తీసింది తల్లి పేరు మీదే తూస్తారు. పిల్ల పేరు ఎక్కడా ఉండదు కాబట్టి ఆధార్ కార్డు చూపించమని ఎవరూ అడగరు. మిషను దగ్గరి మనిషి రాని రోజున మాత్రం, “ఏయ్ చిన్నదానా, ఇటు రా” అంటారు. ఆఫ్రీన్‌ని ఆ పనికి తీసుకెళ్ళింది హలీమానే. ఆ మాట ఆమెకు ఇంకొకరు గుర్తు చేయక్కర్లేదు.

కబురొస్తే షెడ్డుకు వెళ్ళింది. చలపతిరావు ఇడ్లీ తింటున్నాడు.

“బాపట్ల నుంచి లేబర్ ఆఫీసరమ్మ వస్తుంది. పిల్లకి పంతొమ్మిదేళ్ళని నేనే అబద్ధం చెప్పానని ఆవిడతో చెప్పు. ఆసుపత్రి ఖర్చు నాది, నీ పని నీది. కాదన్నావో, రెండూ లేవు.”

“అది చిన్నపిల్లండి...”

“ఇంకా ఎనిమిది వేళ్ళున్నాయిగా” అన్నాడు సూపర్‌వైజర్ వెంకటరత్నం. చలపతిరావు నవ్వాపుకుని చట్నీ వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆఫీసరు ప్రమీలారాణి వచ్చింది. కుర్చీలో కూర్చోకుండానే అడిగింది.

“వయసు రుజువు చూడకుండా పిల్లని పనిలోకి ఎలా రానిచ్చారండి?”

“తల్లి మాట నమ్మానండి. పంతొమ్మిదంది. చూడ్డానికీ పెద్దపిల్లలాగే ఉంటుంది మేడమ్.”

“వాళ్ళు చెప్తే సరిపోదు. కార్డు చూడాల్సింది మీరు.” ఆమె హలీమా వైపు తిరిగింది. “ఏమ్మా, పంతొమ్మిదని నువ్వే చెప్పావా?”

వెంకటరత్నం హలీమా వెనకే వచ్చి నిలబడ్డాడు. టబ్బుల దగ్గర ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. హలీమా పైటతో మొహం తుడుచుకుని చలపతిరావు కళ్ళలోకి చూసింది.

“అంత పెద్దపిల్లలా కనపడితే, పనిలోకొచ్చిన మొదట్లోనే వెంకటరత్నం గారిని తెనాలి పంపించి దానికి చిన్నపిల్లల గ్లౌజులు ఎందుకు తెప్పించారండి?”