పద్నాలుగో గడిలో అత్తగారు

మా ఆఫీసులో సైకిల్ దారి ఏది గీసినా చివర ఒక ఫారం నింపాలి. అందులో పదమూడు గడులు ఎవరికీ పట్టవు. ఎత్తుపల్లాలు, కల్వర్టులు, కంకర. పద్నాలుగోది మాత్రం ఏ పుణ్యాత్ముడు పెట్టాడో గానీ ఇలా ఉంటుంది: "ఈ దారిలో నా ఇంటి మనిషిని ఒంటరిగా పంపుతాను. ఆ మనిషితో నా బంధుత్వం." పక్కన ఖాళీ, కింద సంతకం. పందొమ్మిదేళ్ళ సర్వీసులో ఆ గడి నేను ఇరవై రెండు దారులకి నింపాను. ఇరవై ఒక్కసార్లు "భార్య" అని రాశాను. ఆవిడకి సైకిలు తొక్కడం రాదు.

ఇరవై రెండోది మా నగరం నుంచి అవతలి నగరానికి వేసే దారి. దాని గురించి మా చీఫ్ ఇంజనీరు ఏదో సభలో "వంద కిలోమీటర్ల లోపే" అని నోరు జారాడు. ఇక అప్పట్నుంచి ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను గీసింది నూట ఆరు వచ్చింది. యాభై ఎనిమిదో కిలోమీటరు దగ్గర నది మీద పెద్ద వంతెన ఉంది. ఏడు వందల మీటర్లు. కాలిబాట లేదు. ఎదురెదురుగా రెండు లారీలొస్తే పక్కన జానెడు చోటు మిగలదు. అందుకే దారిని ఒడ్డు వెంబడి ఎగువకి తిప్పి, పాత ఆనకట్ట మీదుగా దాటించి, మళ్ళీ కిందికి తెచ్చాను. దానికి తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువయ్యాయి.

"ఆ తొమ్మిదీ తీసెయ్" అన్నాడు చీఫ్.

"వంతెన మీద సైకిలు కష్టం సార్."

"ఏడు వందల మీటర్లేనయ్యా. రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టుకుంటే అవతల పడతారు."

ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు. ఆయన మొదటి అంతస్తుకి కూడా లిఫ్టులో వెళ్ళే మనిషి.

గట్టిగా వాదించానని చెప్పుకోవాలని ఉంది. కాసేపు నీళ్ళు నమిలి, తొమ్మిదీ తీసేశాను. దారి తొంభై ఏడుకి వచ్చింది. పద్నాలుగో గడి దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. తొక్కడం రాకపోయినా సరే, భార్య అని రాయబుద్ధి కాలేదు. చీఫ్ నా భుజం మీదుగా తొంగిచూసి, "అత్తగారని రాయవయ్యా, పీడా పోతుంది" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "అత్తగారు" అని రాసి సంతకం పెట్టాను.

మా అత్తగారు ముప్ఫై ఒక్కేళ్ళు సైకిలు మీద ఉత్తరాలు పంచి రిటైరయింది. ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లోనే ఉంటోంది. మేమిద్దరం పోట్లాడుకోం. మాట్లాడుకోం కూడా. ఆవిడ "అల్లుడుగారూ" అంటుంది, నేను "అత్తయ్యగారూ" అంటాను, మధ్యలో కుళాయి వస్తోందా లేదా అన్న సంగతి ఒకటి ఉంటుంది. నేను తోమిన గిన్నెలు నా కళ్ళముందే తీసి మళ్ళీ తోముతుంది. నాకు ఒళ్ళు మండుతుంది. పైకి అనను.

ఆ ఫారం నకలు, మ్యాపు ఇంట్లో టేబుల్ మీద పెట్టి మరిచిపోయాను. కంటపడిన కాగితం చదవకుండా ఆవిడ ఉండలేదు.

శనివారం ఎనిమిదింటికి మా ఆవిడ టీ కప్పు చేతికిస్తూ, "అమ్మ పిన్నిని చూడ్డానికి వెళ్ళింది" అంది. ఆ పిన్ని ఉండేది అవతలి నగరంలో.

"బస్సుకా?"

"సైకిల్ మీద. మీ కొత్త దారిలోనే. ఐదింటికే బయల్దేరింది."

"అరవై ఆరేళ్ళ మనిషిని ఎలా పోనిచ్చావు?"

"మీరే సంతకం పెట్టారటగా" అంది మా ఆవిడ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ చేశాను, ఎత్తలేదు. సైకిలు మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తడం ఆవిడ నియమాల్లో లేదు. గంటకి పద్నాలుగు కిలోమీటర్ల చొప్పున లెక్కేశాను. తొమ్మిదీ పదికి వంతెన. టీ అక్కడే వదిలేసి కారు తీశాను.

దారిపొడవునా చీఫ్‌ని తిట్టాను. ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర ఆ తిట్లు అయిపోయాయి, నన్ను తిట్టుకోవడం మొదలుపెట్టాను. మొదట్లో ఇంటికెళ్ళి ఏం చెప్పాలా అని భయం. తర్వాత అదీ పోయి, ఆ మనిషికి ఏమీ కాకూడదన్న ఒక్కటే మిగిలింది.

ఆవిడ వంతెనకి ఇవతలే, కిలోమీటరు రాయి మీద కూర్చుని ఉంది. పక్కన సైకిలు స్టాండు వేసి ఉంది. లారీల గాలికి ఎగిరిపోకుండా మ్యాపు మోకాలి కింద అదిమిపెట్టి, కళ్ళజోడు సర్దుకుని చూస్తోంది. కుడి మోచెయ్యి గీరుకుపోయి ఉంది.

"వచ్చారా అల్లుడుగారూ. నేను ఎక్కడో దారి తప్పాను."

"మోచేతికేమైందండీ?"

"వంతెన మీద కాస్త దూరం వెళ్ళాను. ఒక లారీ మరీ ఆనుకుని పోయింది. చెయ్యి గోడకి గీసుకుంది. దిగి నడిపించుకుంటూ వచ్చేశాను." మళ్ళీ మ్యాపు వైపు చూసింది. "ఇందులో ఇటే ఉంది. అయినా నేనే పొరబడి ఉంటాను. మీరు నన్ను ఇటు పంపరు కదా."

సంచిలోంచి ఫారం తీసి, మడత విప్పి, పద్నాలుగో గడి మీద వేలు పెట్టింది.

"ఎనిమిదేళ్ళలో మీరు నన్ను ఇంటి మనిషి అనడం ఇదే మొదలు. అందుకే తొక్కి చూద్దామనిపించింది."

అవును, దారి తప్పారు అంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"మీరు తప్పలేదు అత్తయ్యగారూ. గీసింది నేనే. వంతెన సంగతి తెలిసే గీశాను."

"తెలిసే నన్ను రాశారా?"

"తెలిసే. ఆఫీసులో అందరం నవ్వుకున్నాం కూడా."

మూడు లారీలు వెళ్ళాయి. ఆవిడ మూడింటినీ పూర్తిగా చూసింది.

"వేరే దారి లేదా?"

"ఉంది. ఆనకట్ట మీదుగా. తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ."

"తొమ్మిదికా" అంది. అంతే. ఫారం మడిచి సంచిలో పెట్టి లేచింది.

కారెక్కమన్నాను. ఎక్కలేదు. ఆనకట్ట దాటేదాకా నేను గంటకి పద్నాలుగు కిలోమీటర్ల వేగంతో వెనకే వెళ్ళాను. అవతలి ఒడ్డున ఆగి, "వెనకాల కారుంటే నాకు చిరాకు, మీరు వెళ్ళండి" అంది. ఆ రోజు ఆవిడ నాతో అన్న చివరి మాట అది.

సోమవారం నూట ఆరు కిలోమీటర్ల మ్యాపు, కొత్త ఫారం చీఫ్ టేబుల్ మీద పెట్టాను. పద్నాలుగో గడి చూసి, "మళ్ళీ అత్తగారేనా?" అని నవ్వాడు. ఈసారి నేను నవ్వలేదు. పక్కన ఇంకో ఖాళీ ఫారం పెట్టాను.

"వంతెన మీదుగానే కావాలంటే ఇది మీరు నింపండి సార్. మీ ఇంటి మనిషిని రాయండి."

ఆయన కలం మూత తీశాడు. ఆ గడి మీద కాసేపు పట్టుకున్నాడు. ఆయనకి ఇద్దరాడపిల్లలు. మూత పెట్టేసి, "నూట ఆరని టైపు చేయించు" అన్నాడు.

అత్తగారు బుధవారం తిరిగొచ్చింది, ఆనకట్ట మీదుగానే. సాయంత్రం నేను గిన్నెలు తోముతుంటే పక్కకొచ్చి నిలబడింది.

"ఆ పాత ఫారం ఇచ్చేయండి అత్తయ్యగారూ, చింపేస్తాను."

"తొంభై ఏడు కొట్టేసి నూట ఆరు అని దిద్దుకున్నాను. మిగతాది ఉండనివ్వండి" అంది.

తర్వాత నేను తోమిన గిన్నె తీసి మళ్ళీ తోమింది. నేను తుడిచి లోపల పెట్టాను.