చావు కాగితాలు లేని ఊరు

సోమవారం పొద్దుగూకేలోగా ఊళ్ళో ఒక్క చావు కాగితం కూడా కనబడకూడదని మా మేయరు త్సోలో చెప్పినప్పుడు దుకాణంలో ఉన్నవాళ్ళమంతా నవ్వాం. మా ఊరు క్రివా స్లివాలో చావు కాగితాలు తీసేస్తే ఇక మిగిలేదేముంది?

మా బస్ స్టాపు మూడు గోడలూ అవే. నల్ల అంచు, మధ్యలో మనిషి ఫోటో, కింద రెండు ముక్కలు, ఆ కింద ఏడ్చేవాళ్ళ పేర్లు. పోయిన రోజున ఒకటి, నలభయ్యో రోజుకి ఒకటి, ఆరు నెలలకి, ఏడాదికి, ఆ తరవాత ఎవరి ఓపిక వాళ్ళది. ఇంటి గేటుకొకటి, తలుపుకొకటి, బస్ స్టాపుకొకటి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి వేరే పేపరు అక్కర్లేదు. ఎవరి మొహం మీద ఎవరు తెచ్చి అంటించారో చూస్తే, బతికున్నవాళ్ళలో ఎవరికెవరికి మాటల్లేవో కూడా తెలిసిపోతుంది.

త్సోలో మాత్రం నవ్వలేదు. మంగళవారం పట్నం నుంచి కమిటీ వస్తోంది. మా ఊరికి మంగళ, శుక్రవారాల్లో వచ్చే ఒకే ఒక్క బస్సును ఉంచాలో తీసెయ్యాలో వాళ్ళు చూసి చెబుతారు.

"కమిటీవాళ్ళు కారు దిగగానే ఏం చూస్తారు? బస్ స్టాపు. అక్కడేముంది? శ్మశానం నిలబెట్టినట్టుంది," అన్నాడు త్సోలో. "ఇన్ని చావు మొహాలు చూసినవాడు మనకి బస్సిస్తాడా? శవాలబండి పంపిస్తాడు."

"అదైనా టైముకొస్తే ఎక్కుదాం," అన్నాడు మా ఆయన కామెన్.

కామెన్ తీరే అంత. మూడున్నరేళ్ళలో ఏడుసార్లు పార్లమెంటుకి ఓటేసొచ్చిన దేశం మాది. ప్రతిసారీ కొత్త పార్టీ వస్తుంది, లోపల పాత మనుషులుంటారు. ఈ జనవరిలో మా డబ్బు లెవాలు పోయి యూరోలొచ్చాయి. జనం తగ్గిపోవడంలో యూరప్ మొత్తంలో మనం ముందువరసలో ఉన్నామని టీవీలో టై కట్టుకున్నాయన బాధపడుతుంటే, కామెన్ సూపు తాగుతూ, "ఎందులోనో ఒకదాంట్లో ముందున్నాం, సంతోషించవయ్యా," అని తెరకేసి చెబుతాడు. నేను సోఫియాలో భూగోళశాస్త్రం చదువుకుని, ఈయన్ని చేసుకుని, ఇక్కడికొచ్చి ముప్ఫయ్యేళ్ళుగా మిరపకాయలు కాలుస్తున్నాను. దేశం మ్యాపులో మా ఊరెక్కడుందో చూపించగల మనిషిని ఊళ్ళో నేనొక్కదాన్నే. ఇంతవరకూ ఎవరూ చూపించమనలేదు.

ఆ రోజు నవ్వని ఇంకో మనిషి నెద్యాల్కా అక్క. మా పక్కిల్లే. ఆమె భర్త గవ్రీల్ పోయి అప్పటికి ఐదు వారాలైంది. ఆయన కాగితం గేటు మీద ఇంకా తెల్లగా, కొత్తగా ఉంది. పిండి ఉడికించి, జిగురు చేసి తనే అంటించింది.

"ఒరే త్సోలో, నీకు మతి పోయిందా?" అంది. "ఆయన పోయి ఇంకా నలభై రోజులు నిండలేదు."

"తెలుసక్కా."

"తెలిస్తే మరి? నలభై దాకా ఆయన ఇక్కడే తిరుగుతుంటాడు. గేటు దాకా వచ్చి చూస్తే తన మొహం లేదనుకో, ఎవరింటికి పోవాలి? నీ ఇంటికా?"

"రానీ. గవ్రీల్ బావకి నేనెప్పుడైనా కాదన్నానా? ఆయనకి నా చేత్తో పోసినంత రకియా సారా ఇంకెవరికీ పోయలేదు."

"అందుకే కదరా పోయింది!"

మళ్ళీ నవ్వారు. అక్క నవ్వలేదు. "మీవన్నీ పీక్కోండి. మా ఆయన్ని ముట్టుకుంటే చేతులు విరుస్తా," అని రొట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

త్సోలో ఆమె వెనకే నడిచాడు. మా దారీ అదే కనక నేనూ నడిచాను. వెధవ కాదు త్సోలో. ఒకప్పుడు ట్రాక్టర్లు నడిపేవాడు. మేయరయ్యాక నడపడానికి ఏమీ లేక మమ్మల్ని నడుపుతున్నాడు.

"అక్కా, ఒక్క మాట," అన్నాడు గేటు దగ్గర. "నెలకోసారి కంటికి సూది వేయించుకోవడానికి పట్నం దేంట్లో పోతున్నావు?"

ఆమె రొట్టెను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"బస్సులో," అని తనే చెప్పాడు. "నాకు కారు లేదు. కామెన్ కారుకి మూడు చక్రాలే ఉన్నాయి. బస్సు పోతే సూది పోతుంది. సూది పోతే కన్ను పోతుంది. డాక్టరు నా ముందే కదా చెప్పింది? కన్ను పోయాక, ఈ గేటు మీద గవ్రీల్ బావ ఉంటే ఎంత, ఎలక్షన్ పోస్టరుంటే ఎంత? నీకు రెండూ ఒకటే."

ఇంత మాట అన్నాక తనే భయపడి టోపీ తీశాడు. అక్క గేటు మీది కాగితాన్ని చాలాసేపు చూసింది. ఒక కన్ను ఇప్పటికే మసక. చూడాలంటే తల పక్కకి వంచుతుంది, కోడి గింజను చూసినట్టు.

"కమిటీ పోయాక మళ్ళీ అంటిస్తావా?" అంది.

"నేనే అంటిస్తా. మేకు కూడా కొడతా."

"మేకులు నీ నెత్తిన కొట్టుకో. వెనెటా, నీళ్ళు కాచుకురావే. ఎండు కాగితం గీకితే చిరుగుతుంది."

నీళ్ళు కాచుకొచ్చాను. తడిగుడ్డ అదిమిపెట్టి, అంచు నుంచి గోటితో లేపింది. పిండి జిగురు మరీ బాగా కుదిరింది. నల్ల అంచు వచ్చింది, పేరు వచ్చింది, సగం మొహం వచ్చింది. ఎడమ బుగ్గా చెవీ గేటుకే ఉండిపోయాయి. అక్క ఆ చెవిని గీకలేదు. మొహం తిప్పుకుని, "నువ్వు కానివ్వు," అంది నాతో. నేను కానిచ్చాను.

అందరి గేట్లవీ తలుపులవీ తీసేశాక, ఆదివారమంతా బస్ స్టాపు గీకాం. కత్తులు, పారలు, అట్లకాడలు, ఎవరింట్లో ఏది దొరికితే అది. మొహం కింద మొహం. త్సోలోకి వాళ్ళ నాన్న దొరికాడు, ఆయన కింద తాత, తాత కింద ఎప్పటిదో ఒక మంత్రి, రోడ్డు వేయిస్తానని చెయ్యెత్తి నవ్వుతూ. "ఈయన్నుంచండి, ఈయన చావలేదు, ఇంకా పార్లమెంటులోనే ఉన్నాడు," అని కామెన్ గోల. చివరికి మంత్రిని కూడా గీకి, గోడలకి సున్నం కొట్టాం. బస్ స్టాపులో అంటించిన గవ్రీల్ రెండో కాగితం ఆ సున్నం కింద ఉండిపోయింది. అప్పటికి గీకే ఓపిక ఎవరికీ లేదు.

త్సోలో అక్కడితో ఆగలేదు. జనం బాగా ఉన్నట్టు కనబడాలని, తాళాలేసిన ఇళ్ళ పెరళ్ళలో బట్టలు ఆరేయించాడు. బట్టలు మావే. కామెన్ డ్రాయర్లు మూడు వీధుల్లో, నాలుగు పెరళ్ళలో రెపరెపలాడాయి. ముప్ఫయ్యేళ్ళుగా ఉతుకుతున్నాను గాని, అవి ఊరి ప్రతిష్ఠ నిలబెడతాయని నేనెన్నడూ అనుకోలేదు. ఆ ఇళ్ళలో పొయ్యిలు కూడా వెలిగించి వచ్చాడు. మంగళవారం పొద్దున చూస్తే ఊరు ఊరంతా పొగ. చూసేవాళ్ళకి పండగ అనిపించాలి.

కమిటీ అంటే ఒకే ఒక్క ఆవిడ, శ్రీమతి ఇల్కోవా. ఎర్ర కోటు, బురదకి పనికిరాని బూట్లు. అతిథులకి ఇచ్చే ఆనవాయితీ ప్రకారం త్సోలో రొట్టె, ఉప్పు పట్టుకుని ఎదురెళ్ళాడు. ఆవిడ మర్యాదకి ఒక ముక్క తుంచుకుంది గాని, కళ్ళు మాత్రం బస్ స్టాపు మీదున్నాయి. మూడు గోడలూ చూసింది. తరవాత వీధి పొడుగునా నడిచింది. ప్రతి గేటు దగ్గరా ఆగి, ప్రతి తలుపూ చూసింది. మేమంతా పెళ్ళివారిలాగా వెనకే నడిచాం.

వెనక్కి వచ్చాక, "మేయరు గారూ, వీళ్ళంతా ఎవరు?" అంది.

"మా ఊరివాళ్ళండి."

"నేను పల్లెటూళ్ళో పుట్టినదాన్నే," అంది ఆవిడ. కోపంగా కాదు, అలిసిపోయిన గొంతుతో. "మా అమ్మవాళ్ళ ఊళ్ళో గేటుకి రెండేసి, మూడేసి ఉంటాయి. మనిషన్నవాడున్న ఊళ్ళో చావు కాగితం ఉంటుంది. పోయినవాళ్ళ కోసం అంటించేవాళ్ళు ఒకళ్ళైనా మిగిలారని దాని అర్థం. అంటించేవాళ్ళు కూడా పోయిన ఊళ్ళు చాలా చూశాను. అచ్చం ఇలాగే శుభ్రంగా ఉంటాయి. ఇక్కడ ఒక్కటంటే ఒక్కటి లేదు. కొత్త సున్నం మాత్రం ఉంది. అన్ని పెరళ్ళలోనూ ఒకే సైజు డ్రాయర్లు ఉన్నాయి."

కామెన్ నేలచూపులు చూశాడు.

"ఎలక్షన్లప్పుడు పక్క ఊళ్ళ నుంచి వ్యాన్లలో జనాన్ని తోలుకొచ్చి ఓట్లేయిస్తారు. నాకు తెలీదా? ఇప్పుడు బస్సుకి కూడా అదే మొదలుపెట్టారా?"

"అమ్మా, మా గుర్తింపు కార్డులు చూడండి!" అన్నాడు త్సోలో. "అందరివీ ఈ ఊరి అడ్రసులే."

"పని కోసం మాడ్రిడ్ పోయినవాళ్ళ కార్డుల మీదా ఇక్కడి అడ్రసులే ఉంటాయి. కార్డులు బస్సెక్కవు."

అప్పుడు నెద్యాల్కా అక్క ముందుకొచ్చింది. తల పక్కకి వంచి ఆవిణ్ణి చూసింది. "మా ఆయన పోయి ఐదు వారాలైంది," అంది. "ఇదిగో, నల్లబట్టల్లో ఉన్నాను, కనబడటం లేదా?"

"అయ్యో. మరి ఆయన కాగితమేదీ?"

అక్క బస్ స్టాపు గోడకేసి చెయ్యి చూపించింది. "దాని కింద ఉన్నాడు."

"సున్నం కింద?"

"అవును. గేటు మీద ఇంకోటుండేది, అది నేనే తీశాను."

శ్రీమతి ఇల్కోవా ఆమెను కాసేపు చూసింది. ఆ చూపులో అనుమానం లేకపోయినా బాగుండేది, జాలి లేకపోయినా బాగుండేది. రెండూ ఉన్నాయి. "ఏ ఆడదైనా నలభై నిండకుండా మొగుడి కాగితం పీకుతుందామ్మా? మిమ్మల్ని ఈ మాట చెప్పమన్నవాళ్ళెవరో గాని, మరీ అన్యాయం," అని కారెక్కింది.

కారు పోయాక త్సోలో చేతిలో రొట్టె అలాగే ఉంది.

"నన్ను తిట్టక్కా," అన్నాడు.

"నీ మీద తిట్లు దండగ," అంది అక్క. ఇంటికి పోయి తలుపేసుకుంది.

పది రోజుల్లో పట్నం నుంచి కబురొచ్చింది. శాశ్వత నివాసులున్నట్టు దాఖలా లేనందున ఈ నెలాఖరు శుక్రవారంతో బస్సు ఆఖరు. త్సోలో రెండుసార్లు పట్నం పోయి అరిచొచ్చాడు. కొత్త ప్రభుత్వం ఏర్పడేదాకా ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టరని చెప్పారట. ప్రభుత్వం ఎప్పుడేర్పడుతుందని అడిగితే అక్కడివాళ్ళే నవ్వారట.

ఆ కబురుకి ముందే గవ్రీల్‌కి నలభై నిండింది. ఆ రోజున సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచింది అక్క. కాగితం లేదు. పాతది సగం బుగ్గతో మిగిలింది, కొత్తది పట్నంలో వేయించాలి. అందుకని ఆఖరి శుక్రవారం బస్సులో తను బయల్దేరింది. తోడు నేను వెళ్ళాను. ఆ రోజు ఊరంతా బస్సులోనే ఉంది. ఏడాదికి సరిపడా మందులు, విత్తనాలు, బ్యాటరీలు కొనుక్కోవాలని ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నట్టు ఎక్కారు. "ఇంతమంది ఈ ఊళ్ళో ఎక్కడున్నారయ్యా ఇన్నాళ్ళూ?" అన్నాడు డ్రైవరు. త్సోలో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ముందు ఆస్పత్రికి పోయాం. సూది వేశాక, వచ్చే నెల తప్పకుండా రావాలని డాక్టరు చెప్పింది. అక్క అలాగేనంది. అక్కణ్ణించి అచ్చు దుకాణానికి. అక్కడ పనిచేసే లతిన్కా అనే ఆవిడ గవ్రీల్ ఫోటో కంప్యూటర్లో ఎక్కించి, నల్ల అంచు వేసి, "ఎన్ని?" అంది.

"ఆరు. ఆరు నెలలకి, ఏడాదికి కూడా ఇప్పుడే వేసెయ్యమ్మా. మళ్ళీ రాలేను."

"సరే. ఇంకేమైనా?"

అక్క పర్సులోంచి తన గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "నాది కూడా వెయ్యి."

లతిన్కా కార్డు తిప్పి చూసింది. "ఎవరు పోయారు?"

"నేనే. ఇంకా పోలేదులే. తారీఖు ఖాళీగా ఉంచు, వీళ్ళెవరైనా పెన్నుతో రాస్తారు. బస్సు ఉండదమ్మా. నేను పోతే నా కాగితానికి పట్నందాకా ఎవరు నడుస్తారు?"

"అక్కా, ఆ ఫోటోలో దొంగలా ఉన్నావు," అన్నాను.

"కార్డు ఫోటో పోలీసులే తీస్తారు కదే, అలాగే ఉంటుంది."

లతిన్కా టైపు చేసింది. కింద ఏడ్చేవాళ్ళ పేర్లు వచ్చేచోట వేలు ఆపి, ఎవరి పేర్లు వెయ్యాలని అడిగింది.

అక్క ఆలోచించింది. ఎంతసేపు ఆలోచించినా పొడుగయ్యే వరస కాదు అది. "వెనెటా, నీ పేరు వెయ్యనా?" అంది.

"వెయ్యి."

"ఏడుస్తావా మరి?"

"చూద్దాం. నేను ముందు పోతే?"

"అప్పుడు నేనేడుస్తా. ఉన్న ఒక్క కంటితో." కౌంటరు మీద నా వైపు కొంచెం జరిగింది. "నీది కూడా వేయించుకోవే. మళ్ళీ ఎప్పుడొస్తావు?"

నా కార్డు కూడా తీశాను. ఆమె కాగితం కింద నా పేరు, నా కాగితం కింద కామెన్ పేరు పక్కన ఆమె పేరు. ఈ రెండు కాగితాల్లో ఒకటి ఎలాగూ అబద్ధమవుతుంది. ఏది అన్నది తేలేసరికి, అది చూసి అడిగేవాళ్ళు ఊళ్ళో ఉంటారా అన్నది ఇంకో సంగతి. లతిన్కాకి కూడా తోచే ఉంటుంది. ఒకసారి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మీట నొక్కింది. మిషను గరగరలాడుతూ మమ్మల్ని బయటికి తోసింది, ముందు అక్కని, తరవాత నన్ను.

కాగితాలు ఆరేదాకా ఆగి, చుట్టచుట్టి వెనక్కి తిరిగేసరికి తలుపు దగ్గర మా ఊరివాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు, కార్డులు చేత్తో పట్టుకుని. త్సోలో అందరికన్నా వెనక ఉన్నాడు. తన వంతు వచ్చేలోగా బస్సు పోతుందేమోనని మునివేళ్ళ మీద లేచి ముందువాళ్ళని లెక్కపెట్టుకుంటున్నాడు.

నెద్యాల్కా అక్క వాడి భుజం పట్టుకుని, లాక్కొచ్చి, అందరి ముందూ నిలబెట్టింది. "వీడిది ముందు వెయ్యమ్మా," అంది లతిన్కాతో. "మేయరు."