సరిచూసినవారు

మా ఆయన జీవితమంతా బొమ్మలు గీసి బతికినవాడు. బొమ్మలంటే పువ్వులూ పిట్టలూ అనుకునేరు. వంతెనలు, నీళ్ళ ట్యాంకులు, నేల కింద పోయే గొట్టాలు. ఇంజనీర్లు నోటితో చెప్పిందాన్ని ఈయన కొలతలు తప్పకుండా కాగితం మీద పెడితే, ఆ కాగితం చూసి మేస్త్రీలు కట్టేవారు. డ్రాఫ్ట్స్‌మన్ అంటారు ఆ ఉద్యోగాన్ని. అంతటి గీతగాడు కట్టుకున్న పెళ్ళాన్ని మాత్రం ఒక్కసారైనా గీసిన పాపాన పోలేదు. అడిగితే, నీకు కొలతలు లేవు కదే అనేవాడు. నేనేమో ఊరందరి కొలతలూ తీసుకుని, ప్యాంట్లు పొట్టి చేసి, జిప్పులు మార్చి, బిగుతైన నడుములు వదులు చేసేదాన్ని. నాకే కొలతలు లేవట.

అడగడం మానేశాననుకుంటున్నారేమో, నా సంగతి మీకు తెలీదు. ముందు గదిలో నా కుట్టుమిషనుకి ఎదురుగా గోడకి ఒక మేకు ఉంది. పాత క్యాలెండరు తీసేసి, నా బొమ్మ వస్తే తగిలిద్దామని ఆ మేకును అలాగే ఉంచాను. ఇంటికొచ్చినవాళ్ళు ఆ ఉత్త మేకేంటని అడిగితే, అది నేనే అని చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన పేపరు చదువుకునేవాడు.

రిటైరైన కొన్నాళ్ళకి ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు టీ కప్పు సాసర్లో గలగలలాడింది. తర్వాత చొక్కా గుండీలు వేళ్ళకి చిక్కలేదు. డాక్టరు చూసి, ఇది నరాల జబ్బు, తగ్గేది కాదు, మందులతో కొంతకాలం అదుపులో పెట్టొచ్చు, చెయ్యి మాట వింటున్నన్నాళ్ళూ దానికి పని చెబుతూ ఉండండి అన్నాడు. పాపం చాలా మెల్లగానే చెప్పాడు. బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ బుర్రలో ఒకటే తిరిగింది, ఈ చెయ్యి పోయేలోపు నా బొమ్మ ఒకటి రావాలి అని. మొగుడికి జబ్బంటే నీ బొమ్మ గోలేంటమ్మా అనుకుంటే అనుకోండి. ఆయన చేతి గుర్తు మా ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉన్నవన్నీ ఎవరెవరో నీళ్ళు తాగే ట్యాంకులు.

మా అమ్మాయి బడిలో పిల్లలకి డ్రాయింగు చెబుతుంది. అదే ఒక స్కెచ్ బుక్కు కొనుక్కొచ్చి వాళ్ళ నాన్న ఒళ్ళో పెట్టింది. రోజుకో పేజీ గియ్యాలి, బాగుందా బాలేదా అని చూసుకోకూడదు, పేజీ చింపకూడదు, రబ్బరు ముట్టుకోకూడదు అని షరతులు కూడా పెట్టింది.

"లోపల ఒకడు కూర్చుని వంకలు పెడుతుంటాడు నాన్నా. వాడి నోరు మూయిస్తే చాలు, బొమ్మ దానంతటదే వస్తుంది," అంది.

ఆయన బుద్ధిగా తలూపాడు. చిన్నపిల్ల, దానికేం తెలుసు. ఆ లోపలివాడు నాకు కొత్తవాడేం కాదు, పెళ్ళయిన దగ్గర్నించీ వాడికి కూడా కలిపి వండి పెడుతున్నాను.

ఈ మాట అర్థం కావాలంటే వాళ్ళ ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ ప్రతి కాగితానికీ కింద కుడిమూల చిన్న గడులు గీస్తారు. ఒక గడిలో అది దేని బొమ్మో, ఒక గడిలో తేదీ, ఒక గడిలో గీసినవారు, ఇంకో గడిలో సరిచూసినవారు. గీసేది ఒకరు, సరిచూసేది ఇంకొకరు. సరిచూసేవాడు ఎర్ర పెన్సిలు పట్టుకుని తప్పున్న చోటల్లా సున్నా చుడతాడు. కాగితాలకి నంబర్లుంటాయి కాబట్టి చింపి పారేయడానికి లేదు. అందుకని గీసినవాడు గడ్డం గీసుకునే బ్లేడును నిలువునా రెండుగా విరిచి, ఆ ముక్కతో తప్పు గీతని పొరలా గీకేసి, గోటితో నున్నగా రుద్ది, దానిమీదే మళ్ళీ గీస్తాడు. ఆ చివరి గడిలో సంతకం పడేదాకా అది బొమ్మ కింద లెక్కే కాదు. మా ఆయన సగం ఉద్యోగం గీశాడు, మిగతా సగం సరిచూశాడు. ఆయన ఎర్ర పెన్సిలంటే ఆఫీసులో అందరికీ హడలు. వెనకాల పెద్దసారు అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు నా చెవిన పడ్డాక నేనూ వదల్లేదు. కూరలో ఉప్పు గురించి మొహం చిట్లిస్తే, పెద్దసారు దయచేశారా అనేదాన్ని.

సరే, మొదటిరోజు పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీలో ఆయన, మిషను ముందు నేను. బొమ్మలా కదలకుండా కూర్చుంటే ప్యాంట్లు ఎవరు కుడతారు? మొహం ఆయనవైపు తిప్పి, కాళ్ళతో మిషను తొక్కుతూనే ఉన్నాను. ఆయన ముందు స్కేలు పెట్టి కింద మూల గడులు గీశాడు. దేని బొమ్మ అన్న గడిలో ‘ఇంటావిడ’ అని రాశాడు. తర్వాత మొదలుపెట్టాడు. గాల్లో ఉన్నంతసేపూ వణికే చెయ్యి, పెన్సిలు కాగితానికి ఆనగానే కాస్త కుదుటపడేది. కాసేపటికి ఆగలేక లేచి వెళ్ళి చూశాను. నేనే. నా చప్పిడి ముక్కు, నుదుటి మీద నా ముడత, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదులతో సహా. నా కళ్ళు చెమర్చాయి. వెంటనే మేకువైపు చూశాను.

అంతలో ఆయన కళ్ళజోడు మార్చాడు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. చెవికో సున్నా, గడ్డానికో సున్నా, మెడకి ఏకంగా పెద్ద సున్నా. ఆ తర్వాత బ్లేడు. మధ్యాహ్నానికి నా మొహంలో ముక్కు ఒక్కటే మిగిలింది. ఇదేంటండీ, అమ్మాయి ఏం చెప్పింది అంటే, చింపొద్దంది, రబ్బరొద్దంది, బ్లేడు సంగతి అనలేదే అన్నాడు. ఆ తెలివికి ఏం చెప్పను.

రోజూ ఇదే తంతు. పొద్దున్న నేను పుట్టడం, మధ్యాహ్నానికి పోవడం. గీకి గీకి కాగితాలు పల్చబడి చిల్లులు పడ్డాయి. ఒకరోజు గడ్డం ఉండాల్సిన చోట చిల్లులోంచి, వెనక పేజీలో గీకకుండా మిగిలిన నా చెవి కనిపించింది. నెత్తీ నోరూ బాదుకున్నాను. నేనేం వంతెనని కానండీ, నా ముక్కు వంకరైతే ఎవరూ ఏట్లో పడరు అన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు. నవ్వి, ముక్కుకి సున్నా చుట్టాడు. పాపం ఆయనా ప్రయత్నించకపోలేదు. ఎర్ర పెన్సిలు తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. కాసేపటికి మళ్ళీ తీసేవాడు.

"నాకు కనిపిస్తోందే. కనిపించిన తప్పు వదిలెయ్యమంటే ఎలా వదలను?" అనేవాడు, ఏడుపొక్కటే తక్కువ.

నా దగ్గరికొచ్చే వాళ్ళలోనూ ఇలాంటి వాళ్ళున్నారు. బాగా కుట్టిన నడుముని ఇంకొంచెం సరిచెయ్యమని చంపుతారు. వాళ్ళతో నేను వాదన పెట్టుకోను. తీసుకుని, ఇస్త్రీ చేసి, అదే మళ్ళీ ఇస్తాను. ఆహా, ఇప్పుడు సరిగ్గా ఉంది అని మురిసిపోతూ వెళ్తారు. ఆ కిటుకు ఈయన దగ్గర సాగేది కాదు, ఆ కళ్ళని మోసం చెయ్యలేం.

ఒకరోజు బ్లేడు జారి ఆయన బొటనవేలు తెగింది. కట్టు కట్టి, ఆ ఊపులోనే ఎర్ర పెన్సిలూ బ్లేడు ముక్కలూ లాక్కుని నా దారాల డబ్బాలో పడేశాను. పెద్దసారు ఇవాళ్టితో రిటైరయ్యారు, ఇక ఈ ఇంట్లో గీసేవాడే ఉంటాడు, సరిచూసేవాడు ఉండడు అని చెప్పాను. ఒంటికాలి మీద లేస్తాడనుకున్నా. ఆయనేమో బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. నేను కూడా ఒక మాట ఇచ్చాను. పుస్తకం అయ్యేదాకా తొంగి చూడను, ఎందుకంటే నా నోరు ఊరుకోదు, ఒక పెద్దసారు పోయాడనుకుంటే ఇంకో పెద్దమ్మగారు తయారవుతుంది.

ఆ తర్వాత రోజులు ఎంత బాగున్నాయో చెప్పలేను. పొద్దున్నే తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచిది కట్టుకుని మిషను ముందు కూర్చునేదాన్ని. ఆయన నన్ను చూసేవాడు, కాగితాన్ని చూసేవాడు, మణికట్టు ఆడుతూనే ఉండేది. ఎరుపు లేదు, గీకుడు లేదు. పేజీ తిప్పిన చప్పుడు వింటే నాకు కడుపు నిండిపోయేది. అన్నం తినేటప్పుడు చెంచా జారిపోతోంది, డాక్టరు మాత్ర పెంచాడు, అదంతా చూస్తూనే ఉన్నాను. చూస్తూ ఏం చెయ్యగలను. పోనీలే, బొమ్మలైతే వస్తున్నాయి కదా అని సర్దుకున్నాను. ఫ్రేముల షాపుకి వెళ్ళి పుస్తకం కొలతకి సరిపోయే ఫ్రేము కూడా తెచ్చాను. మేకు ఆపుతుందో లేదోనని ఒట్టి ఫ్రేమే తగిలించి చూసుకుని, మళ్ళీ తీసి దాచాను.

ఒక పొద్దున మాత్ర మత్తుకి ఆయన కుర్చీలోనే కునుకు తీశాడు. పుస్తకం ఒళ్ళోంచి జారి కింద పడింది. మాట తప్పే ఉద్దేశం నాకు లేదు. తీసి పైన పెడదామనే వంగాను. అది తెరుచుకునే పడింది.

కింద మూల గడులు ముచ్చటగా ఉన్నాయి. తేదీ ఉంది. ఇంటావిడ అని ఉంది. గీసినవారు అన్న చోట ఆయన సంతకం ఉంది, సరిచూసినవారు అన్న చోట ఖాళీ. దాని పైన కాగితం తెల్లగా ఉంది. పేజీ తిప్పాను. తెలుపు. ఇంకోటి, ఇంకోటి. కిటికీ వెలుగుకి ఎత్తి చూశాను, కనీసం పెన్సిలు ఒత్తిన జాడ లేదు. అన్ని రోజులూ గడులు నింపాక ఆయన పెన్సిలు కాగితానికి ఆననే లేదు. మిషను మోతలో నాకు ఆ సంగతి తెలీలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. కుదిపి లేపి, పుస్తకం మొహం ముందు పెట్టాను. చెయ్యి బాగున్న నాలుగు రోజులూ గాల్లో కలిపేశారు కదండీ అన్నాను. ఆయన దొంగతనం దొరికిపోయిన పిల్లాడిలా తల దించుకున్నాడు.

"లేని గీతలో తప్పుండదు కదే," అన్నాడు. "నువ్వు అంత సంతోషంగా కూర్చునేదానివి. ఆపెయ్యాలనిపించలేదు," అన్నాడు.

పెద్దసారుని గెంటేశానని మురిసిపోయాను గానీ, ఆయన వెంటే గీసేవాడూ లేచిపోయాడని నాకు తట్టలేదు.

మిషను ఆపేశాను. ఇప్పుడు గియ్యండి, చప్పుడు నాకు వినపడాలి అన్నాను. పెళ్ళయ్యాక పట్టపగలు పనిలేకుండా కూర్చోవడం అదే మొదలేమో. గుండుసూదులు మాత్రం అలవాటుగా పెదాల మధ్య ఉండిపోయాయి. ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పెన్సిలు ఆనించాడు. ఇప్పుడు కాగితానికి ఆనినా చెయ్యి కుదుటపడలేదు. గీత ఎటో పోయింది. దాన్ని వెనక్కి లాక్కొచ్చాడు, మళ్ళీ పోయింది. చెమటలు పట్టేశాయి. చాలు వదిలెయ్యండి అని నాలుక చివరిదాకా వచ్చినా, ఆశ కదా, మింగేశాను. ఎండ కిటికీ దాటి పోయాక పెన్సిలు కింద పెట్టాడు.

వెళ్ళి చూశాను. గడ్డం రెండు చోట్ల ఉంది. ఒక కన్ను ఉండాల్సిన చోటు వదిలి చెవి దగ్గరికి జరిగింది. జుట్టంతా ఒట్టి గజిబిజి. కానీ పెదాల మధ్య గుండుసూదులున్నాయి, నుదుటి మీద ముడత ఉంది, ఎవరు చూసినా ఇది నేనే అంటారు. దారాల డబ్బాలోంచి ఎర్ర పెన్సిలు తీసి, సరిచూసినవారు అన్న గడిలో నా సంతకం పెట్టేశాను. ఇక ఇది బొమ్మే, మీ ఆఫీసు లెక్క ప్రకారం కూడా బొమ్మే అని చెప్పి ఫ్రేము కోసం లేచాను.

ఆగమన్నాడు. కళ్ళజోడు మార్చమన్నాడు. తనంతట తాను మార్చుకోలేడు కాబట్టి నేనే మార్చాను. చాలాసేపు చూశాడు. బ్లేడు ఇమ్మన్నాడు. ఇచ్చాను, ఎందుకంటే పట్టుకోలేడని నాకు తెలుసు. పట్టుకోలేకపోయాడు. వేళ్ళలోంచి జారింది, తీసిస్తే మళ్ళీ జారింది. నిజం చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది.

"నువ్వు గీకు. ఎక్కడో నేను చెబుతాను," అన్నాడు.

చచ్చినా గీకనన్నాను. ఇది నా బొమ్మ, ముట్టుకుంటే ఊరుకోనన్నాను. ఆయన కేకలెయ్యలేదు. కళ్ళజోడు వెనక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దాని మీద నా పేరుంది. ఇలా వదిలేసి పోలేనే," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏదీ ఇలా అడిగింది లేదు. మేకువైపు చూడకుండా, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. వణికే వేలితో గడ్డం చూపించాడు. విరిచిన బ్లేడుకి ఒక అంచు పదును, రెండోది మొద్దు. నేను మొద్దు వైపు తిప్పి పట్టుకుని, గట్టిగా చప్పుడు వచ్చేలా రుద్దడం మొదలుపెట్టాను. నా కిటుకు నాకుంది కదా. కాగితం మీద గీత అలాగే ఉంది.

ఆయన కాసేపు విన్నాడు.

"అది మొద్దు వైపు," అన్నాడు. కోపం లేదు, విసుగు లేదు, ఆఫీసులో కొత్తవాళ్ళకి చెప్పినట్టు చెప్పాడు. "తిప్పు."

తిప్పాను. కాగితం పొడి నా ఒళ్ళో రాలింది.

"మెల్లగా," అన్నాడు. "చిల్లు పడుతుంది."