మాఘ పున్నమి మునక

స్నానాల రేవులో సముద్రం నీళ్లు సీసాకు పట్టి, శ్రీకాకుళం ల్యాబ్‌లో పరీక్ష పెట్టే ఉద్యోగం ఈశ్వరిది. బ్యాక్టీరియా ఉన్నదీ లేనిదీ మర్నాటికి గానీ తేలదు. ఈలోగా జనం మునగనూ మునుగుతారు, ఇళ్లకు పోనూ పోతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఉద్యోగమని తనే నవ్వుకునేది.

ఆమె వదిన తులసికి, ఇక మొక్కని దేవుడు లేడనుకున్నాక కొడుకు పుట్టాడు. పేరు కూర్మారావు. వాడికి ఏడాది నిండితే, మాఘ పున్నమినాడు గెడ్డ సముద్రంలో కలిసేచోట మూడు మునకలు వేయిస్తానని తులసి మొక్కు. అక్కడ మునిగితేనే పుణ్యమని ఆ ఊళ్లన్నిటికీ నమ్మకం. ఆ వాగు ఎన్ని ఊళ్ల మురుగు మోసుకొస్తోందో ఎవరికి పట్టింది!

పున్నమినాడు తెల్లారగానే ఈశ్వరి ఫోన్ చేసింది.

"వదినా, నిన్న పట్టిన నీళ్ల రిజల్టు మద్దేనానికి వస్తాది. అందాకా బాబుని ముంచకు. నెత్తిన నాలుగు సుక్కలు జల్లు, సాలు."

"సముద్రానికి మైలేటే! పున్నమి గడియలు నీ రిజల్టు కోసం ఆగుతాయేటి?"

అలా అన్నదే గానీ, ఆడపడుచు మాట తీసెయ్యలేక తులసి ఒక్క మునకతో సరిపెట్టింది. పిల్లాడు ఉక్కిరిబిక్కిరై గుక్కెడు నీళ్లు మింగాడు.

మధ్యాహ్నం ల్యాబ్‌లో చూస్తే గాజుపళ్లెంలో అట్టు మీద చిల్లుల్లా బ్యాక్టీరియా చుక్కలే చుక్కలు. ఈశ్వరి పరుగున వెళ్లి రేవులో మునగొద్దని ఎర్రబోర్డు పెట్టించింది. మర్నాటికి పిల్లాడికి వాంతులు, విరేచనాలు. ఆస్పత్రిలో ఎంత సెలైన్ ఎక్కించినా ప్రాణం నిలవలేదు.

పసిబిడ్డ గనక దినాలూ లేవు, చుట్టాలూ లేరు. ఇల్లు మామూలుగానే ఉంది. అదే చూడలేకపోయింది ఈశ్వరి.

"ఒసే ఈశ్వరీ, మూడు మునకలని మొక్కి ఒక్కటే ఏయించాను," అంది తులసి. "నీ మాట ఇని దేవుడికిచ్చిన మాట తప్పాను. అందుకే తీసుకుపోయాడు. పోనీ, బోర్డు పెట్టారట కదా, ఆ నీళ్లు సెడ్డవేనా? నిజం సెప్పు."

అవునంటే, కన్నకొడుకుని తన చేతులతోనే ఆ నీళ్లలో ముంచానని వదినకు తెలిసిపోతుంది. తెలిశాక ఈ మనిషి బతకదు.

"ఆ బోర్డు అవతలి రేవుకి వదినా. నువ్వు ముంచిన కాడ నీళ్లు మంచివే. నానే నీ మొక్కుకి అడ్డుపడ్డాను."

తులసి లేచి వీధి తలుపు తీసింది.

"పోవే," అంది. "ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు."

ఈశ్వరి చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చేసింది.