నాయర్ సినిమా

యోగానందగారు ముందే చెప్పేశారు. తిరుచానూరులో ఆయన లాడ్జి మీది హాల్లో నేను నడిపే ఫిల్మ్ క్లబ్బుకు ఈ ఆదివారమైనా ఇరవై మంది రాకపోతే, హాలు డాన్సు క్లాసుకు ఇచ్చేస్తారట. మూడు నెలలుగా వస్తున్నది నలుగురే. వాళ్ళలో ఒకాయన ఏసీ కోసం వస్తాడు.

నలభైలనాటి అమెరికన్ నోయర్ సినిమాలంటే నాకు పిచ్చి. నోయర్ అంటే ఫ్రెంచిలో నలుపు. నీడలు, వాన, టోపీలు, నిజం చెప్పని మనుషులు. వాటి గురించి మాట్లాడుకోవడానికి ఈ ఊళ్ళో ఒక్క మనిషి దొరక్క ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే చివరి ప్రయత్నంగా ఫ్లెక్సీ వేయించాను. ఫ్లెక్సీ షాపు మునికుమార్ నా స్పెల్లింగు తప్పనుకుని, దిద్ది మరీ అచ్చేశాడు: "నాయర్ సినిమా. ప్రవేశం ఉచితం."

ఆదివారం పదింటికల్లా హాలు నిండిపోయింది. అందరూ మలయాళం సినిమా అనుకునే వచ్చారు. లాడ్జి ముందు పూలమ్మే దేవకమ్మ బుట్టతో సహా ముందు వరసలో కూర్చుంది. తెర మీద వానలో తడుస్తూ పోలీసు స్టేషనుకొచ్చిన దొరసాని, తన మొగుణ్ణి తానే కాల్చానని చెప్పింది.

"నాయరు యాడమ్మా? అంతా దొరలే ఉండారే!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

హాలంతా నవ్వులు. ఇద్దరు లేచారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"కూసోండప్పా!" అని కసిరింది దేవకమ్మ. "ఆ యమ్మ అబద్ధం సెప్తా ఉండాది. సినిమా తీసినోడు మొగం సగమే ఎలుతుర్లో పెట్టినాడు, సూడండి!"

లేచినవాళ్ళు కూర్చున్నారు. ఇక ఎవరూ కదల్లేదు. తలలు లెక్కపెట్టడానికొచ్చిన యోగానందగారు కూడా గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

చివర్లో దొరసానికి శిక్ష పడింది. లైట్లు వేశాను.

"పాపం, పెండ్లామే కాల్సిందన్నమాట," అన్నారు యోగానందగారు.

"కాదు సామీ, ఆ యమ్మ కారు డ్రైవరు కాల్సినాడు. అద్దంలో వాని చెయ్యి కనపడ్లా?" అంది దేవకమ్మ. "మీరంతా కింద తెలుగు అక్షరాలు సదవతా ఉంటిరి. నాకు సదువు రాదు, బొమ్మ సూసినా."

"ఎనక్కి తిప్పమ్మా!" అన్నారాయన, పంతంగా.

తిప్పాను. పడగ్గది అద్దంలో, కిటికీ పరదా వెనక, డ్రైవరు తొడుక్కునే నల్ల గ్లౌజుతో ఒక చెయ్యి. హాలు ఈలలతో దద్దరిల్లింది.

"డాన్సోళ్ళకు వేరే తావు సూస్తాలే," అన్నారు యోగానందగారు. "వచ్చే వారం ఇట్లాంటిదే ఎయ్."

నేను ఆ సినిమా పదకొండుసార్లు చూశాను. సబ్‌టైటిల్స్ రాసిందీ నేనే. ఆ చేతిని ఒక్కసారీ చూడలేదు. సిగ్గుపడాల్సింది పోయి, ఆనందం పట్టలేక దేవకమ్మను కావిలించుకున్నాను.

"వచ్చే వారం నా పక్కనే కూర్చోవాలి," అన్నాను.

"సరే," అంది. "నువ్వు నాకు మాటలు సదివి సెప్పు. నేను నీకు బొమ్మ సూపిస్తా."